గాలి రెక్క

ఎవరి ఇంటిబండి పక్కనుంచి నడిచినా నెడ్రా పోలక్ ఓ క్షణం ఆగేది. చేతి తొడుగు విప్పి, బండి రేకులోంచి పొడుచుకొచ్చిన హీటర్ గొట్టం ముందు చేతి వెనకభాగం పెట్టేది, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. వెచ్చటి గాలి తగిలితే తొడుగు వేసుకుని ముందుకు సాగేది. తగలకపోతే తలుపు కొట్టేది.

"డాక్టరమ్మ నాడి చూస్తోంది," అనేవాడు హాస్కెల్, తన బండి మెట్టు మీద కాఫీ తాగుతూ. పక్క బండి ముసలాయన. పొట్టికాళ్ళ కుక్కలు రెండు ఎప్పుడూ ఆయన బూట్ల మీదే పడుకునేవి. "బతికే ఉన్నామా బాస్?"

"నీ హీటర్ బతికే ఉంది. నీ సంగతి చెప్పలేను."

అమెరికా ఉత్తరాన రెడ్ రివర్ లోయలో అక్టోబరు వచ్చిందంటే చక్కెరదుంపలు తవ్వుతారు. ఆ పనికి ఎక్కడెక్కడినుంచో జనం చక్రాల మీది ఇళ్ళలాంటి ఇంటిబళ్ళు తోలుకుంటూ వచ్చి, కోసేసిన గోధుమచేలో వరసగా నిలుపుకుంటారు. ఆ చేలో కరెంటు లేదు. గదిని వెచ్చబెట్టేది గ్యాసు హీటర్, దాన్ని తిప్పేది బండి బ్యాటరీ. నీళ్ళు అడిగితే లేవని చెప్పవచ్చు. ఉప్పు అడిగితే విననట్టు ఊరుకోవచ్చు. కానీ చలి వేస్తోందని వచ్చినవాణ్ణి మాత్రం కాదనకూడదు, శత్రువైనా సరే. అది ఎవరూ చెప్పని నియమం. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా మొదటి మంచు పడ్డ ఉదయమే నేర్చుకునేవాళ్ళు.

నెడ్రాది నెబ్రాస్కా. బడి బస్సుల షెడ్డులో జీవితమంతా పనిచేసింది. భర్త వర్జిల్ రిటైరయ్యాక ఇద్దరూ ఇల్లు అమ్మి ఇంటిబండి కొన్నారు. బండి సర్దుకోవడం పూర్తికాకముందే వర్జిల్ పోయాడు. ఆ చలికాలం ఎక్కడో ఓ పార్కింగు స్థలంలో హీటర్ ఆగిపోయింది. దాన్ని ఆవిడ వణుకుతూ విప్పింది, వణుకుతూ బిగించింది. అలా నేర్చుకున్నది మళ్ళీ మరిచిపోలేదు.

పగ కూడా మరిచిపోయే మనిషి కాదు. వాళ్ళమ్మ వాడిన ఇనప పెనాన్ని చెల్లెలు యూనిస్ అరువు తీసుకెళ్ళి, సబ్బునీళ్ళలో నానబెట్టి తుప్పు పట్టించింది. అప్పటినుంచి అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. యూనిస్ పోయిందని కబురొస్తే నెడ్రా రాత్రింబగళ్ళు బండి తోలుకుంటూ వెళ్ళింది. సమాధి మీద పూలు పెట్టింది. యూనిస్ వంటింట్లోకి వెళ్ళి పెనం తెచ్చుకుంది. ఇప్పటికీ దానిమీదే గుడ్డు వేసుకుంటుంది. పాము పగ పన్నెండేళ్ళంటారు. నెడ్రాది అంతకంటే పాతబడినా పదును పోయేది కాదు.

ఆవిడకు మిగిలిన తోడు డీకన్. గొర్రెల్ని కాచే జాతి కుక్క, తెల్లగా, దూడంత ఉండేవాడు. వయోమింగ్‌లో ఓ కాపరి ముసలివాడై మంద అమ్మేస్తూ, వీణ్ణి మాత్రం అమ్మడానికి మనసురాక నెడ్రా చేతిలో పెట్టాడు. ప్రతి ఆదివారం వాణ్ణి దువ్వేది. పైన పొడుగాటి ముతక వెంట్రుకలు, వాటి కింద మేఘంలాంటి నూగు. ముతక వెంట్రుకల్ని పిట్టలు గూళ్ళకు ఏరుకుంటాయని కంచె మీద వేసేది. నూగును సంచిలో దాచి, తీరిక దొరికినప్పుడు కదురు మీద వడికేది. ఆ దారంతో టోపీలు అల్లేది. పైవెంట్రుక ఒక్కటి కలిసినా టోపీ నెత్తిన గుచ్చుకుంటుంది. అందుకని కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటే ఏరి పారేసేది.

పోయిన ఏడు దుంపల పనిలో ఉండగా డీకన్ కనిపించకుండా పోయాడు.

అందరూ వెతికారు. అందరికంటే ఎక్కువ వెతికినవాడు లోయెల్ ప్రిచెట్. ట్రక్కులనుంచి దిగిన దుంపల్ని గుట్టకు తోసే యంత్రం నడుపుతాడు. రాత్రంతా పని, పగలంతా నిద్ర. భార్య కోరీన్‌తో చేను చివర, నీళ్ళ పంపు నడిపే జనరేటరు పక్కన ఉంటాడు. కుక్కలంటే పడవు. కుక్క తిరిగిన బండిలో కాఫీ కూడా తాగనని చెప్పుకుంటాడు. అలాంటివాడు నిద్ర మానుకుని నెడ్రాను తన పికప్‌లో ఎక్కించుకుని నది ఒడ్డంతా తిప్పాడు. "డీకన్! డీకన్!" అని గొంతు పోయేదాకా పిలిచాడు. చివరికి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు, "నీకు చెప్పకూడదనుకున్నాను తల్లీ. ఆ మలుపు దగ్గర కొయోటీ నక్కల గుంపును చూశాను. ఇక వెతకకు."

నెడ్రా ఇక వెతకలేదు. సంచిలో మిగిలిన నూగంతా వడికి లోయెల్‌కు టోపీ అల్లి ఇచ్చింది. ఇంకెవరికీ అల్లడానికి నూగు లేదు. దువ్వడానికి కుక్క లేదు. ఏడాదంతా, ఎక్కడ ఎవరు అడిగినా, లోయెల్ లాంటి మంచివాడు ఉండడని చెబుతూ వచ్చింది.

ఈ ఏడు మొదటి గట్టి చలి పడ్డ రోజు దుంపలు నేలలోనే గడ్డకట్టాయి. గడ్డకట్టిన దుంప గుట్టలో కుళ్ళుతుంది కాబట్టి పని ఆపేశారు. అందరూ బళ్ళలోనే ఉన్నారు. మధ్యాహ్నం నెడ్రా పెనం తోముకుంటుంటే లోయెల్ వచ్చి తలుపు కొట్టాడు. నెత్తిమీద తెల్లటోపీ చెవుల కిందిదాకా లాక్కుని ఉన్నాడు.

"హీటర్ వెలగట్లేదు తల్లీ. కోరీన్ దుప్పట్లలోంచి ముక్కు బయటపెట్టట్లేదు. దేవుడికి ఫోన్ చేద్దామనుకున్నాను, నువ్వు దగ్గరని ఇటొచ్చాను."

"దేవుడికి హీటర్లు రావు," అని నెడ్రా పనిముట్ల పెట్టె అందుకుంది.

చేను చివరిదాకా ఇద్దరూ నడిచారు. గోధుమ కొయ్యకాళ్ళ మీద మంచు పొడిపొడిగా ఉంది. లోయెల్ బండి పక్కన ఆగి నెడ్రా తొడుగు విప్పి గొట్టం ముందు చెయ్యి పెట్టింది. చల్లటి గాలి వస్తోంది.

"ఫ్యాను తిరుగుతోంది," అంది.

"తిరుగుతుంది, తిరుగుతుంది, విసుగొచ్చి ఆగిపోతుంది. మా మామగారిలా."

"విన్నాను!" లోపలినుంచి కోరీన్ అరిచింది.

నెడ్రా లోపలికి వెళ్ళి గ్యాసు పొయ్యి వెలిగించి చూసింది. నీలిమంట నిటారుగా లేచింది. గ్యాసుకు లోటు లేదు. హీటర్ మీట పైకి తిప్పి, తల వంచి వింది. ఫ్యాను బలంగానే తిరుగుతోంది కాబట్టి బ్యాటరీకీ లోటు లేదు. ఆ తర్వాత టిక్ టిక్ మని నిప్పురవ్వ చప్పుడు రావాలి. అది రాలేదు.

"నిప్పు రాజెయ్యడానికి దానికి ధైర్యం చాలట్లేదు," అంది. "లోపల ఓ చిన్న రేకు రెక్క ఉంటుంది. ఫ్యాను గాలికి అది లేస్తేనే స్విచ్చు పడుతుంది, అప్పుడే గ్యాసు వదులుతుంది. రెక్క లేవట్లేదు. ఈ హీటర్ చివరిసారి ఎప్పుడు వెలిగించావు?"

"పోయిన ఏడు ఇక్కడే. తర్వాత అరిజోనాలో ఉన్నాం. అక్కడ హీటర్ ఎందుకు, ఫ్రిజ్జు తలుపు తీసి అందులో కూచోవాలిగాని."

"బండి పాతదా?"

"పోయిన ఏడు ఈ పనికి వచ్చేముందే కొత్తది కొన్నాం. ప్లాస్టిక్ వాసన ఇంకా పోలేదు."

నెడ్రా బయటికొచ్చి మోకాళ్ళ మీద కూచుని రేకు తలుపు విప్పింది. మరలు ఊడదీసి, తీగలు తప్పించి, వేలెడంత స్విచ్చును బయటికి లాగింది. దాని రెక్క కనిపించలేదు. చుట్టూ బొచ్చు ఉండలా పేరుకుని ఉంది.

కంటికంటే ముందు వేళ్ళు గుర్తుపట్టాయి.

ఆ ఉండను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. నూగు మెత్తగా జారింది. నూగులోంచి పొడుగాటి ముతక వెంట్రుకలు బయటికి వచ్చాయి, తెల్లగా. వాటిలో కొన్నిటికి కొసన బూడిదరంగు. డీకన్ చెవుల వెనక ఆ రంగు ఉండేది.

జనరేటరు మోగుతోంది. ఆ మోత పక్కన కుక్క ఎంత మొరిగినా చేను అవతలికి వినిపించదని ఆవిడకప్పుడు తట్టింది.

"దొరికిందా?" లోయెల్ వంగి చూశాడు.

"దొరికింది. ఈ బండిలో ఎప్పుడైనా కుక్క ఉందా లోయెల్?"

"నా బండిలోనా? ఇంకా నయం. కుక్క వాసనొస్తేనే నాకు తుమ్ములు."

నెడ్రా గుప్పిట విప్పి చూపించింది. లోయెల్ చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి నెత్తిమీది టోపీ మీదికి పోయింది.

"అదా! ఈ టోపీదే తల్లీ. నువ్విచ్చిందే. రోజూ పెట్టుకుంటానుగా, రాలుంటుంది. చూడు, బొచ్చు అదే, రంగు అదే."

"బొచ్చు అదే," అంది నెడ్రా. "ఆ టోపీ పెట్టుకుని ఎన్నాళ్ళయింది?"

"ఏడాది. నిద్రలో కూడా తియ్యను. కోరీన్‌నే అడుగు."

"ఎప్పుడైనా గుచ్చుకుందా?"

"లేదు. వెన్నలా ఉంటుంది."

అన్నాక ఆగాడు. ఏం తప్పు మాట్లాడాడో అతనికి తెలియలేదు. కానీ ఎక్కడో కాలు జారిందని తెలిసింది.

నెడ్రా ఓ ముతక వెంట్రుకను విడదీసి, దాని కొసతో అతని చెంప మీద పొడిచింది. లోయెల్ ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కున్నాడు.

"ఇవి టోపీలో పెట్టను. పిట్టలకేస్తాను. నీ టోపీలో ఇలాంటిది ఒక్కటి లేదు. నీ హీటర్లో గుప్పెడుంది. వాడు ఇక్కడ పడుకున్నాడు. లోపల, హీటర్ గాలి పీల్చుకునే జాలీకి ఆనుకుని. రోజుల తరబడి."

"నెడ్రా, నా మాట..."

"చెప్పెయ్యి లోయెల్." తలుపులో దుప్పటి కప్పుకుని కోరీన్ నిలబడి ఉంది. మాటతోపాటు నోట్లోంచి ఆవిరి వస్తోంది. "ఏడాదినుంచి చచ్చిపోతున్నాను. చెప్పెయ్యి."

లోయెల్ భార్య వైపు చూశాడు, నెడ్రా చేతిలోని స్విచ్చు వైపు చూశాడు.

"రాత్రంతా పని చేసొచ్చి పడుకునేవాణ్ణి. మొరిగేవాడు. నా కిటికీ కిందికొచ్చి ప్రతి లారీకీ మొరిగేవాడు. నీకు చెబితే నవ్వావు. 'పాడుతున్నాడు లోయెల్' అన్నావు. మనిషినే కదా నేనూ."

"అవును, నవ్వాను," అంది నెడ్రా. "నది ఒడ్డున నాతో కలిసి వాడి పేరు పెట్టి పిలిచావు. అప్పుడు వాడు ఎక్కడున్నాడు?"

లోయెల్ టోపీని చెవుల మీదికి ఇంకా లాక్కున్నాడు.

"ఇక్కడే," అంది కోరీన్. "మీరు తిరిగొచ్చేసరికి నీ గొంతు విని తలుపు గీరుతున్నాడు."

నెడ్రా లేచింది. మోకాళ్ళకంటిన మంచు దులుపుకుంది. బొచ్చు ఉండను కోటు లోపలి జేబులో పెట్టుకుంది. స్విచ్చును బయటి జేబులో వేసుకుంది. రేకు తలుపు జాగ్రత్తగా మూసి మరలు బిగించింది.

"అదేంటి?" అన్నాడు లోయెల్. "స్విచ్చు?"

"నా దగ్గరుంటుంది."

"ఇది తప్పు నెడ్రా. చలికి కాదనకూడదు. నియమం నీకూ తెలుసు."

"కాదనట్లేదు. కోరీన్, కోటు వేసుకో. నా బండి వెచ్చగా ఉంది, పొయ్యి మీద సూప్ ఉంది."

"మరి నేను?"

"హాస్కెల్ తలుపు తెరిచే ఉంటుంది. ఎవరి తలుపైనా తెరిచే ఉంటుంది, నిన్ను ఎవరూ కాదనరు. కుక్కలుంటాయి మరి, ప్రతి బండిలో." చెయ్యి చాచింది. "టోపీ."

"ఏంటి?"

"మంచివాడికి అల్లాను. నీది కాదు అది."

లోయెల్ తీసి ఇచ్చాడు. బట్టతల మీద పలచటి వెంట్రుకలు గాలికి నిలబడ్డాయి. నెడ్రా టోపీని దులిపి, తన నెత్తిమీదే పెట్టుకుంది. వెచ్చగా ఉంది. ఆ వేడి లోయెల్ తలదని గుర్తొచ్చింది. అయినా తియ్యలేదు.

నెడ్రా బండిలో కోరీన్ సూప్ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని కూచుంది. నెడ్రా ఎదురుగా కూచుని, ఉండలోంచి నూగునూ వెంట్రుకల్నీ వేరుచేస్తోంది. అలవాటైన పని. చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి.

"మూతికి తోలుపట్టా కట్టాడు," అంది కోరీన్. "లోయెల్ పనికి వెళ్ళగానే నేను విప్పేదాన్ని. తిండి పెట్టేదాన్ని. నా పాదాల మీద తల పెట్టుకునేవాడు."

"నాకు చెప్పలేదు."

"చెప్పలేదు."

"నా బండి ఇక్కడే. చేను దాటితే చాలు."

"తెలుసు."

పొద్దు వాలుతోంది. కిటికీలోంచి వచ్చిన వెలుగు బల్లమీది తెల్లటి కుప్ప మీద పడింది.

"పని అయిపోయాక లోయెల్ వాణ్ణి మా తమ్ముడు డేల్ దగ్గర వదిలేశాడు. డేల్‌కి ఏమీ తెలియదు, దారిలో దొరికిన కుక్క అని లోయెల్ చెప్పాడు. పడమట, మిసోరీ నది దాటాక, గొర్రెల దొడ్డి. డీకన్ బాగానే ఉన్నాడు. ఇదిగో." కోరీన్ ఫోను తీసి, డేల్ ఎండాకాలంలో పంపిన ఫొటో చూపించింది.

గొర్రెల మధ్య ఓ కుక్క నిలబడి ఉంది. సన్నగా, గులాబీరంగు చర్మం కనపడేలా, బక్కచిక్కిన మేకలా. నెడ్రా మొదట గుర్తుపట్టలేదు. చెవులు చూశాక గుర్తుపట్టింది.

"బొచ్చేది?"

"ఎండాకాలం గొర్రెల్ని గొరిగేటప్పుడు వీణ్ణీ గొరిగేశాట్ట. ఉక్కపోస్తుందని."

"బొచ్చేం చేశాడు?"

కోరీన్‌కు ప్రశ్న అర్థం కాలేదు. "పారేసుంటాడు. కుక్క బొచ్చేగా."

నెడ్రా కళ్ళు మూసుకుంది. ఏడాదిలో ఆవిడ ఏడవలేదు. ఇప్పుడూ ఏడవలేదు. బల్లమీది నూగును అరచేత్తో దగ్గరకు లాక్కుంది.

"నా మీద కోపంగా ఉందా?" అంది కోరీన్.

"ఉంది. దాని సంగతి తర్వాత చూస్తాను. ముందు దారి చెప్పు."

మరునాడు పొద్దున్నే చలి విరిగింది. మధ్యాహ్నంనుంచి పని మొదలవుతుందని మేస్త్రీ కేకేసి వెళ్ళాడు. పని మధ్యలో వదిలి వెళ్ళినవాళ్ళకు చివర్లో ఇచ్చే బోనస్ పోతుంది, వచ్చే ఏడు పిలుపూ రాదు. నెడ్రా విని తల ఊపింది. బండి కింద పరిచిన చెక్కలు తీసి లోపల పెట్టుకుంది.

హాస్కెల్ మెట్టుమీద కాఫీ తాగుతున్నాడు. నెడ్రా అతని దగ్గరికి వెళ్ళి లోయెల్ చేసింది ఒకే ఒక్క మాటలో చెప్పింది. హాస్కెల్ కప్పు కింద పెట్టాడు. కుక్కలు రెండూ తలెత్తి అతని మొహం చూశాయి. ఆ మాట హాస్కెల్ నోట బయల్దేరి, కాఫీ చల్లారేలోపు చేనంతా చుట్టేసింది.

నెడ్రా అద్దాలు తుడుచుకుంటూ అంతా చూసింది. లోయెల్ ఉత్త తలతో, దుప్పటి భుజాల మీద వేసుకుని, బండి బండికీ తిరుగుతున్నాడు. కుక్కలున్న ప్రతివాడి దగ్గరా మిగులు స్విచ్చు ఒకటి ఉంటుంది, బొచ్చుకు ఎప్పుడు చెడుతుందో తెలియదు కాబట్టి. లోయెల్ అడిగిన ప్రతివాడూ జేబులు తడిమాడు, పెట్టె మూత తీశాడు, మూశాడు.

"లేదే లోయెల్. అయ్యో. నిన్నటిదాకా ఉండేది."

"లోపలికి రా లోయెల్. వెచ్చగా ఉంది. కూచో. ఏయ్, కొంచెం జరగండే, అయ్యగారొచ్చారు."

చివరికి హాస్కెల్ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. తెరిచిన తలుపులోంచి నెడ్రాకు కనపడింది, లోయెల్ సోఫా అంచున కాఫీ కప్పు పట్టుకుని బిగదీసుకుని కూచున్నాడు. పొట్టికాళ్ళ కుక్కలు రెండూ ఎగిరి ఒళ్ళో ఎక్కాయి. తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు.

"కదలకు లోయెల్," అంటున్నాడు హాస్కెల్. "నువ్వంటే ఇష్టపడుతున్నాయి. పాపం, వాటికేం తెలుసు."

డేల్ దొడ్డికి దారి చెప్పడానికి కోరీన్ నెడ్రా బండి ముందు సీట్లో, ఒళ్ళో డీకన్ దువ్వెన పెట్టుకుని కూచుంది. నెడ్రా ఇంజను వేసి, బండిని చేను చివరిదాకా తీసుకొచ్చి, లోయెల్ బండి పక్కన ఆపి దిగింది. చేతి తొడుగు విప్పింది. గొట్టం ముందు చేతి వెనకభాగం పెట్టింది.

ఇనుములా చల్లగా ఉంది.

స్విచ్చు జేబులోనే ఉందని తడిమి చూసుకుంది. తొడుగు వేసుకుంది. తలుపు కొట్టలేదు.